మా రస్టీ కడుపు కథ

పోయిన నెల మన గ్రూపులో "ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం గురించి తలా ఒక పేజీ రాయండి" అన్నప్పుడు నేను మాట్లాడకుండా ఊరుకున్నా. అత్తగారి షుగరు, మామగారి మోకాళ్ళు, అమ్మ బీపీ, అందరూ చక్కగా రాశారు. మా ఇంట్లో పెద్దాయన గురించి రాస్తే మీరు నవ్వుతారేమోనని నా భయం. ఆయనకి 27 ఏళ్ళు. నాలుగు కాళ్ళు, ఒక తోక. గుర్రాల్లో 27 అంటే మన లెక్కలో ఎనభైకి దగ్గర. పేరు రస్టీ. ఎర్రటి క్వార్టర్ హార్స్, నుదుటి మీద తెల్ల చుక్క.

నవ్వితే నవ్వారు గానీ చివరిదాకా చదవండి. ఇందులో మా నాన్న కూడా ఉన్నారు.

మేముండేది డల్లాస్‌కి ఉత్తరంగా. డెంటన్ కౌంటీలో ఆబ్రీ, పైలట్ పాయింట్ వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, రోడ్డుకి రెండు పక్కలా తెల్ల కంచెలు, వాటి వెనక గుర్రాలు. మా అమ్మాయికి 9 ఏళ్ళప్పుడు, 2013లో, ఎవరో స్నేహితురాలి పుట్టినరోజుకి అక్కడ గుర్రం ఎక్కింది. ఇక దిగలేదు. కూచిపూడి మానేసింది, కుమాన్ మానేసింది, గుర్రం మాత్రం మానలేదు. 2016లో, తను నేర్చుకున్న గుర్రాన్నే అమ్మేస్తున్నారని తెలిసి మూడు రోజులు అన్నం తినలేదు. అప్పటికే రస్టీకి 18 ఏళ్ళు. మా ఆయన "ముసలి కారు కొన్నా అమ్ముకోవచ్చు, ముసలి గుర్రాన్ని ఏం చేసుకుంటాం" అంటూనే చెక్కు రాశారు.

2022 ఆగస్టులో అమ్మాయి కాలేజీకి వేరే రాష్ట్రం వెళ్ళిపోయింది. గుర్రం మిగిలింది. నాకు.

నిజం చెప్తున్నా, నాకు గుర్రమంటే భయం. ఆరేళ్ళు కారులో కూర్చుని చూశానే తప్ప ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు. బార్న్‌లో నెలకింత అని కడితే వాళ్ళే మేత వేస్తారు, కొట్టం శుభ్రం చేస్తారు. హాస్టల్ లాంటిదే. వారానికి రెండుసార్లు వెళ్ళి నాలుగు క్యారెట్లు పెట్టి, ఫోటో తీసి అమ్మాయికి పంపడం, అదీ నా డ్యూటీ. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మా నాన్న ఫోన్‌లో సామెత చెప్పి నవ్వేవారు. చిన్నప్పుడు తెనాలి స్టేషన్ బయట జట్కాలు చూసిన మనిషి. "ఉలవ గుగ్గిళ్ళు పెట్టమ్మాయ్, ఎట్లా పరిగెత్తుద్దో చూడు" అనేవారు.

ఆ నవంబర్‌లో నేనొక తెలివైన పని చేశా. మేత ఖర్చు పెరిగిందని బార్న్ ఓనరమ్మ అంటే, ఎవరో చవకగా అమ్ముతున్నారని ఒకేసారి చాలా గడ్డి మోపులు కొనిపించా. కోస్టల్ బెర్ముడా అంటారు ఇక్కడ. బెర్ముడా గడ్డి అంటే ఏదో అనుకునేరు, మనం వినాయక చవితికి తెచ్చే గరిక చుట్టమే. చూడ్డానికి సన్నగా, మెత్తగా, పచ్చగా ఉంది. ఎంత బాగుందో అనుకున్నా. ఆ రోజుతో పాత గడ్డి ఆపేసి, మర్నాటి నుంచి ఇదే వేయించా.

ఇంకో సంగతి కూడా కళ్ళతో చూస్తూనే ఉన్నా. రస్టీ కొట్టంలో నేల మీద తడి తడిగా గడ్డి ముద్దలు, సిగరెట్ పెట్టెంత సైజులో. తింటూ తింటూ ఉమ్మేస్తున్నాడు. "ముసలాడయ్యాడు, చిందరవందర చేస్తున్నాడు" అనుకుని కాలితో పక్కకి తోశా. ఆ ముద్దలు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

2023 జనవరి ఆఖర్లో ఐస్ వాన పడింది. డల్లాస్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మూడు రోజులు స్కూళ్ళు లేవు, రోడ్లన్నీ అద్దాల్లా ఉన్నాయి. రెండో రోజు సాయంత్రం ఓనరమ్మ ఫోన్ చేసింది. "మీవాడు దాణా ముట్టలేదు. ముందు కాలితో నేల గీరుతున్నాడు. పొట్ట వైపు తిరిగి తిరిగి చూసుకుంటున్నాడు. పొద్దున్నుంచి లద్దె కూడా వేయలేదు."

కోలిక్. గుర్రాలవాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట వింటే గుండె ఆగుతుంది. కోలిక్ అంటే ఒక జబ్బు పేరు కాదు, కడుపునొప్పి అని అర్థం. గ్యాస్ కావచ్చు, పేగులో మేత ఇరుక్కోవచ్చు, పేగే మెలిపడొచ్చు. పైకి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మనకి కడుపులో తేడా చేస్తే ఒక వాంతి చేసుకుని పడుకుంటాం. గుర్రానికి ఆ దారి లేదు. దాని పొట్ట నిర్మాణమే అంత, లోపలికి వెళ్ళింది వెనక్కి రాదు. 500 కేజీల జంతువుకి పొట్ట మాత్రం చాలా చిన్నది. అసలు పనంతా వెనకున్న పెద్ద పేగులోనే. గేదెలాగా నెమరు వేసుకోవడం కూడా లేదు. మొదటిసారి నమిలిందే నమలడం.

పదిహేను నిమిషాల దారి, గంట పట్టింది. మా ఆయన డ్రైవింగ్, నేను పక్కన హనుమాన్ చాలీసా. వెటర్నరీ డాక్టరమ్మ ఇంకో ఊళ్ళో ఇరుక్కుని, ఫోన్‌లోనే ఒక్కొక్కటీ చేయించింది. ముందు కొట్టంలో మేతంతా తీసేయమంది. పై పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూడమంది. లేత గులాబీ రంగులో తడిగా ఉండాలట. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలట. ఎడమ మోచెయ్యి వెనక స్టెతస్కోప్ పెట్టి గుండె లెక్కపెట్టమంది. మామూలుగా నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. నేను లెక్కపెడితే 52. "60 దాటితే వెంటనే చెప్పండి" అంది. తర్వాత డొక్కకి చెవి ఆనించి వినమంది. బతికున్న గుర్రం కడుపు ఎప్పుడూ గుడగుడలాడుతూ ఉండాలట, నిశ్శబ్దమే ప్రమాదం. ఆరేళ్ళు చెయ్యి వేయని దాన్ని, ఆ చలిలో వాడి పొట్టకి చెంప ఆనించి నిలబడ్డా. వెచ్చగా ఉంది. ఎడమ వైపు ఎక్కడో దూరంగా చిన్న చప్పుడు. కుడి వైపు ఏమీ లేదు.

బార్న్‌లో నొప్పి మందు ఉంది, ఇవ్వనా అంటే "నేను చూశాకే" అంది. మందు పడితే నొప్పి దాక్కుంటుంది, లోపల ఏం జరుగుతోందో తెలీదు. దొర్లబోతే మాత్రం లేపి నెమ్మదిగా నడిపించమంది, అలసిపోయేలా కాదు.

ఆవిడ వచ్చేసరికి రాత్రి 10 దాటింది. మత్తు ఇచ్చి, భుజం దాకా గ్లవ్ తొడుక్కుని చూసింది. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి, ముందు పొట్టలో ఏమైనా నిండిపోయి వెనక్కి వస్తుందేమో చూసి, ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ కలిపి పంపింది. పెద్ద పేగు మలుపు తిరిగేచోట సన్నబడుతుందట, అక్కడ మేత ఎండిన ముద్దలా ఇరుక్కుపోయింది.

అప్పుడు అడిగింది, చేతులు తుడుచుకుంటూ, మామూలు గొంతుతో. "ఇది కదలకపోతే ఆపరేషన్‌కి పంపే ఉద్దేశం ఉందా? ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. తెల్లారుజామున 3 గంటలకి ఎవరూ సరిగ్గా ఆలోచించలేరు."

ఆపరేషన్ అంటే ఆ ఐసు మీద ట్రెయిలర్‌లో పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఖర్చు 10,000 డాలర్లు దాటుతుంది. ఆ పైన నెలల తరబడి కోలుకోవడం. వద్దనుకుంటే, మందుకి లొంగకపోతే, నొప్పి లేకుండా నిద్రపుచ్చడం. మా ఆయన నా మొహం చూశారు. నేను నేల చూశా. డబ్బు గురించి ఆలోచించలేదని చెప్తే అబద్ధం. ముందు దాని గురించే ఆలోచించా. అలా ఆలోచించినందుకు సిగ్గు కూడా వేసింది.

అమ్మాయికి ఫోన్ చేశాం. అర్ధరాత్రి. ఏడ్చింది, అరిచింది, "గడ్డి ఎందుకు మార్చావమ్మా, నన్నొక్క మాట అడగొచ్చు కదా" అంది. ఏం చెప్పను? తర్వాత కాసేపు మాట్లాడలేదు. చివరికి తనే, "వాడికి ఆపరేషన్ వద్దమ్మా. ట్రెయిలర్ అంటేనే వణికిపోతాడు. నొప్పి మాత్రం పడనివ్వకు. నువ్వు అక్కడే ఉండు, వాడు ఒక్కడే ఉండకూడదు" అంది. 18 ఏళ్ళ పిల్ల. ఆ మాట నేను అనాల్సింది.

ఉన్నా. బకెట్ బోర్లించుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని, తెల్లవార్లూ. గంటకోసారి గుండె లెక్క. 52, 48, 48, 44. మళ్ళీ నీళ్ళు. పొద్దున 6:40కి తోక కొంచెం పక్కకి ఎత్తాడు. నాలుగంటే నాలుగు ఉండలు, గట్టిగా, పైన జిగురు. నేను "పడింది! పడింది!" అని అరిచిన అరుపుకి పక్క కొట్టంలో గుర్రం బెదిరింది. మీలో పసిపిల్లల్ని పెంచినవాళ్ళకి ఆ ఆనందం తెలుసు. 49 ఏళ్ళ వయసులో ఒక గుర్రం లద్దె చూసి ఏడ్చినదాన్ని నేనే అయ్యుంటా. ఫోటో తీసి అమ్మాయికి పంపా. తను పంపిన హార్టుల్లాంటివి మా పెళ్ళిరోజుకి కూడా రాలేదు.

రోడ్లు బాగయ్యాక డాక్టరమ్మ మళ్ళీ వచ్చి నోరు తెరిపించి, దీపం వేసి చూసింది. ఆ గడ్డి ముద్దల సంగతి అప్పుడు తేలింది. గుర్రం పళ్ళు జీవితమంతా కొద్దికొద్దిగా బయటికి వస్తూ, అరుగుతూ ఉంటాయి. ముసలితనానికి ఇక రావడానికి ఏమీ మిగలదు. రస్టీ దవడ పళ్ళు కొన్ని నున్నగా అరిగిపోయాయి, రెండు లేనే లేవు. గడ్డి నమలలేక ఉమ్మేస్తున్నాడు, ఉమ్మలేనిది అలాగే మింగేస్తున్నాడు. దానికి తోడు ఒక్క రోజులో మార్చేసిన సన్నగడ్డి. పైగా చలికి నీళ్ళు తాగడం తగ్గించేశాడు. మూడూ కలిశాయి.

నోట్‌బుక్ తీసి నన్ను వరసగా అడిగింది. రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతాడు? ఎన్నిసార్లు లద్దె వేస్తాడు? ఎలా ఉంటుంది? ఎలా నములుతున్నాడు? ఈ మధ్య ఏం మారింది? ఒక్కదానికీ నా దగ్గర సరైన జవాబు లేదు. "తింటున్నాడండీ" అన్నా. ఆవిడ కోప్పడలేదు. "అందరూ అదే చెప్తారు. తినడం వేరు, లోపలికి పోవడం వేరు" అంది.

కారులో వస్తూ నాన్నకి ఫోన్ చేశా. మీలో చాలామంది లాగే నేనూ రోజూ చేస్తా. అమ్మ పోయాక ఆయన తెనాలిలో ఒక్కరే. అప్పటికి 79. రోజూ ఒకే మాట: "తిన్నావా నాన్నా?" "తిన్నానమ్మా." "ఆరోగ్యం?" "బ్రహ్మాండం." నాలుగేళ్ళుగా ఇదే. ఆ రోజు ఎందుకో వేరేగా అడిగా. "ఏం తిన్నావు నాన్నా? ఎంత తిన్నావు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటీ బయటికి వచ్చింది. కింది పళ్ళసెట్టు దసరా నుంచి ఒరుసుకుంటోందట. పెట్టుకోవడం మానేశారు. పప్పన్నం కూడా నమలలేక రెండు పూటలా మజ్జిగన్నం, టీలో ముంచిన బిస్కెట్లు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం 5 తర్వాత నీళ్ళు తాగరు. మూడు రోజులకోసారి విరేచనం, అదీ కష్టపడి. "ఇవన్నీ ఫోన్‌లో చెప్పే మాటలా అమ్మాయ్, ఆడపిల్లతో" అన్నారు.

కారు పక్కకి ఆపమన్నా. డాక్టరమ్మ నన్నడిగిన ప్రశ్నలే ఇవి. గుర్రం గురించి ఎవరో అడిగితే తప్ప కన్నతండ్రి గురించి అడగాలని తోచలేదు నాకు.

మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశా. వాడు ఆ వారంలోనే పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. కొత్త సెట్టుకి నెల పట్టింది. అసలెందుకు ఇన్ని అడుగుతున్నావని నాన్న గట్టిగా నిలదీస్తే రస్టీ సంగతి చెప్పా. "అంటే నన్ను గుర్రంతో కలిపేశావన్నమాట" అని రెండు రోజులు అలిగారు. మూడో రోజు తనే ఫోన్ చేసి, "మీవాడికి అయిందా?" అన్నారు. "అయింది నాన్నా, తొమ్మిది సార్లు." "వాడి పనే బాగుంది" అన్నారు.

ఇక రస్టీ రోజు ఎలా గడుస్తుందో చెప్తా. ఎవరింట్లోనైనా ముసలి గుర్రం ఉంటే, లేదా పిల్లలు కొనిపెట్టమని సతాయిస్తుంటే పనికొస్తుంది. నేను డాక్టర్ని కాను, మీ గుర్రానికి మీ డాక్టర్ మాటే ఆఖరు.

పొడుగు గడ్డి బాగా తగ్గించాం. ముసలి గుర్రాలకని పీచుతో సహా తయారుచేసే సీనియర్ ఫీడ్ దొరుకుతుంది. అదీ, అల్ఫాల్ఫా ముక్కలూ (మన దగ్గర లూసర్న్ అంటారే, అదే), బీట్ పల్పూ నీళ్ళలో నానబెట్టి జావలా చేసి పెడతాం. నానబెట్టకపోతే గొంతులో అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది. ఒకేసారి ఎక్కువ కాదు, రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం. టెక్సస్ ఎండల్లో నానబెట్టింది పులిసిపోతుంది, అందుకని ఏ పూటది ఆ పూటే. దోసెల పిండి పట్టే మనకి పులుపు వాసన ఎవరూ నేర్పక్కర్లేదు కదా!

నీళ్ళు రోజుకి 20 నుంచి 40 లీటర్లు తాగాలి. చలికాలంలో గోరువెచ్చగా చేసి పెడితే బాగా తాగుతాడు. దాణాలో కాస్త ఉప్పు. లద్దె రోజుకి 8 నుంచి 12 సార్లు. బార్న్ తలుపుకి ఒక పలక వేలాడదీశాం, శుభ్రం చేసేవాళ్ళు గీతలు గీస్తారు. ఐదు కంటే తక్కువైతే నాకు ఫోన్ వస్తుంది.

ఏది మార్చినా 10 రోజులు పట్టాలి. పాతది కొంచెం తగ్గిస్తూ, కొత్తది కొంచెం పెంచుతూ. పెద్ద పేగులో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయి, మేతని అరిగించేవి అవే. హఠాత్తుగా మారిస్తే వాటికి అలవాటవదు. ఈ పాఠం నేను రెండోసారి కూడా తప్పాను. ఆ ఏప్రిల్‌లో వాడు చిక్కిపోయాడని అల్ఫాల్ఫా ఒక్కసారిగా ఎక్కువ వేశా. ఈసారి అటు తిరిగింది. నీళ్ళ విరేచనాలు, తోకంతా పాడు. నాలుగు రోజులు వెచ్చటి నీళ్ళతో వాడి కాళ్ళు కడిగింది నేనే. డాక్టరమ్మ ఏమీ అనకుండా 10 అనే అంకె కాగితం మీద పెద్దగా రాసి ఇచ్చింది.

ఇంకోటి ఇసుక. ఆబ్రీ చుట్టుపక్కల నేల ఇసుక నేల, ఒకప్పుడు వేరుశనగకి పేరు, ఇప్పటికీ పీనట్ ఫెస్టివల్ చేస్తారు. నేల మీది మేత తింటూ గుర్రాలు ఇసుక మింగుతాయి, అది పేగులో పేరుకుంటుంది. పరీక్ష సులువు. నాలుగైదు లద్దె ఉండలు ప్లాస్టిక్ గ్లవ్‌లో వేసి, నీళ్ళు పోసి కలిపి వేలాడదీస్తే, ఇసుక ఉంటే వేళ్ళలోకి దిగుతుంది. రస్టీ గ్లవ్‌లో రెండు వేళ్ళ కొసలు నిండాయి. దానికి డాక్టరమ్మ చెప్పింది సిలియం, నెలలో ఒక వారం. గుర్రాల షాపులో బకెట్ కొని, మూత తీసి చూసి, అందరిముందూ నవ్వేశా. అది మన ఇసబ్గోలు! గుజరాత్‌లో పండేదే. నాన్నకి వాళ్ళ డాక్టర్ రాత్రిపూట గ్లాసుడు నీళ్ళతో తాగమన్నదీ అదే. ఇద్దరికీ ఒకటే మందని చెప్తే, "డబ్బా మీద గుర్రం బొమ్మ ఉందా, గాంధీ గారి బొమ్మ ఉందా చూసి పంపు" అన్నారు నాన్న.

ఇప్పుడు నాన్నకి 82. రోజూ గ్లాసుల లెక్క చెప్తారు. కొన్నిసార్లు అబద్ధం చెప్తారు, నాకు తెలుస్తుంది. రస్టీ 27లోకి వచ్చాడు. ఎక్కడానికి ఎవరూ లేరు, ఊరికే నీడలో నిలబడి నా కారు చప్పుడుకి సకిలిస్తాడు. ముసలి గుర్రాల పేగుల దగ్గర కొవ్వు గడ్డలు పెరిగి, తాడులా చుట్టుకుని ప్రాణం తీయడం కూడా ఉంటుందట, దానికి నా పలకా, నా జావా ఏమీ చేయలేవు. అందుకే బార్న్ ఆఫీసులో ఒక కాగితం రాసి పెట్టాం. ఆపరేషన్ వద్దు, నొప్పి వద్దు, కబురు చేస్తే మేమొస్తాం. అమ్మాయి సంతకం పెట్టింది. కింద నేను పెట్టా.

నాన్న విషయంలో అలాంటి కాగితం లేదు. అడగాలి. ఈ డిసెంబర్‌లో వెళ్తున్నా, నెల రోజులు. ఫోన్‌లో అడిగే మాట కాదు కాబట్టి పక్కన కూర్చుని అడుగుతా. ధైర్యం వస్తే.

మీరు ఈ రోజు ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" దగ్గర ఆగకండి. ఏం తిన్నారు, నమలగలుగుతున్నారా, నీళ్ళు ఎన్ని తాగారు, విరేచనం ఎప్పుడైంది అని అడగండి. కోప్పడతారు. నాలాగా గుర్రం మీద నెపం పెట్టెయ్యండి. మా రస్టీ ఏమీ అనుకోడు.